డిస్‌ప్లే 60 చూపిస్తున్నా 16 గేజి పైపుకు బొక్క పడుతోంది: చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ కరెంటు సరిచేయడం ఎలా?

గుంటూరులో గ్రిల్స్ షెడ్డు, 200 ఆంప్స్ అని స్టిక్కరున్న తక్కువ ధర మెషీన్, నాబ్ వెంట్రుకవాసి తిప్పినా కరెంటు ఎగిరిపోతోంది, లోపల నీలం ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు రెసిస్టర్లు) కనిపిస్తున్నాయి, తిప్పమంటారా, పాట్ (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్) మార్చమంటారా అని అడిగారు. రెండూ చేయొచ్చండి, కానీ కొలవకుండా ప్రీసెట్ ముట్టుకోవద్దు.

ఈ ధర మెషీన్లలో చాలావాటికి డిస్‌ప్లే వెల్డింగ్ కరెంటును కొలవదు. నాబ్ నుంచి వచ్చే వోల్టేజీనే అంకె చేసి చూపిస్తుంది. రాడ్డు పట్టకుండా నాబ్ తిప్పితే అంకె మారుతూ, ఆర్క్ నడిచేటప్పుడు మాత్రం రాయిలా నిలబడితే మీది కూడా ఆ రకమే. అంటే అంకెకు ఒక సర్దుబాటు, అసలు కరెంటుకు ఇంకొకటి. ఇంకో మాట: బొక్క బీడ్ (వెల్డింగ్ గీత) మొదలుపెట్టిన చోటే పడుతుంటే అది హాట్ స్టార్ట్ (ఆర్క్ వెలిగేటప్పుడు మెషీన్ కాసేపు ఇచ్చే అదనపు కరెంటు) పని, క్యాలిబ్రేషన్ తప్పు కాదు. బీడ్ పొడుగునా కాలుతుంటేనే కింది పని పెట్టుకోండి.

కొలవడానికి డీసీ చదివే టాంగ్ టెస్టర్ కావాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే ఏసీ టాంగ్ టెస్టర్ ఇక్కడ సున్నానో, అర్థంలేని అంకెనో చూపిస్తుంది. ప్రతిసారీ జీరో బటన్ నొక్కి, ఎర్త్ కేబుల్ ఒక్కదానికే, మెషీన్‌కు అరమీటరు దూరంలో తగిలించండి. అది దొరక్కపోతే 200 ఆంప్స్, 75 మిల్లీవోల్టుల షంట్ (కేబుల్‌కు సిరీస్‌లో పెట్టి, దాని మీద వోల్టేజీ చూసి కరెంటు లెక్కగట్టే చిన్న రెసిస్టర్) కొనండి. మామూలు మల్టీమీటరుతో ఆంప్‌కు 0.375 మిల్లీవోల్టు చదువుతుంది, అంటే 80 ఆంప్స్‌కి 30 మిల్లీవోల్టులు. నా ఓటు షంట్‌కే.

ఆర్క్ మీద రీడింగ్ గంతులేస్తుంది. రాడ్డును జాబ్‌కు అంటించి షార్ట్‌లో కొలిచేవాళ్లున్నారు, అది తప్పు. షార్ట్ అవగానే రాడ్డు అంటుకోకుండా ఆర్క్ ఫోర్స్ అనే ఏర్పాటు కరెంటు పెంచుతుంది, ఆ వెంటనే అంటుకున్న రాడ్డు ఊడేలా యాంటీ స్టిక్ దించేస్తుంది, మీకు దొరికేది ఆ రెండింటి అంకె. ఆర్క్ బదులు రెండు కేబుళ్ల మధ్య ఒక లోడ్ (ఆ కరెంటును మోసే తీగ) పెట్టి కొలవాలి, దాని దగ్గర వోల్టేజీ మామూలు ఆర్క్‌లో ఉన్నంత ఉండాలి. రాడ్డు వెల్డింగ్‌కి లెక్క 20 + 0.04 × ఆంప్స్. 40 ఆంప్స్‌కి 21.6 వోల్టులు, 80కి 23.2, 120కి 24.8. దీనికి 10 గేజి జీఐ తీగ సుమారు 32 మీటర్లు పీవీసీ పైపు మీద చుట్టలు ఒకదానికొకటి తగలకుండా చుట్టి, నిండా నీళ్లున్న ప్లాస్టిక్ డ్రమ్ములో ముంచండి. 40 ఆంప్స్‌కి మొత్తం తీగ, 80కి 17 మీటర్ల దగ్గర, 120కి 12 మీటర్ల దగ్గర క్లాంపు. వోల్టేజీ రెండు వోల్టులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నీళ్లలో ఉప్పు వేయొద్దు. తీగ నీటి పైకి తేలితే ఎర్రబడుతుంది, కాబట్టి బయట కనిపించే ముక్క కురచగా ఉండాలి. ఒక్కో రీడింగ్‌కి 20 సెకన్లు చాలు. ఆర్క్ ఫోర్స్ నాబ్ విడిగా ఉంటే సున్నాలో పెట్టండి.

ఇదే సమయంలో మెషీన్ ప్లగ్ దగ్గర ఏసీ వోల్టేజీ కూడా చూడండి. 1.5 చదరపు మి.మీ. ఎక్స్‌టెన్షన్ వైరు 30 మీటర్లు లాగితే 20 ఆంప్స్ దగ్గర 14 వోల్టులు వైరులోనే పోతాయి. సప్లై 180కి పడితే పైన కరెంటు అందదు, అది ప్రీసెట్‌తో బాగయ్యే జబ్బు కాదు.

మూత తీసే ముందు ప్లగ్ పీకండి. 230 వోల్టుల సప్లైకి లోపలి పెద్ద కెపాసిటర్ల మీద 325 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది. 470 మైక్రోఫారడ్‌వి నాలుగుంటే దాదాపు 100 జౌళ్లు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే ట్రాక్ ఎగిరిపోతుంది. 60 వాట్ల పాత బల్బు హోల్డర్ వైర్లు కెపాసిటర్ రెండు కాళ్లకు ఆనించండి, వెలిగి ఆరిపోయాక మీటరుతో చూసుకోండి. పాట్ గ్రౌండ్ కాలు అవుట్‌పుట్ మైనస్‌తో కలుస్తోందా, పెద్ద కెపాసిటర్ మైనస్‌తో కలుస్తోందా అని కంటిన్యుటీ కూడా చూడండి. రెండోదైతే నాబ్ కాళ్లు మెయిన్స్‌కి తగిలినట్టే. అలాంటి మెషీన్‌లో సప్లై ఉండగా ప్రీసెట్ తిప్పవద్దు. ప్రతి సర్దుబాటుకీ ప్లగ్ పీకి, డిశ్చార్జ్ చేసి తిప్పండి. లోహపు నాబ్ అసలే వద్దు.

కంట్రోల్ కార్డు మీద ఎక్కువగా ఎస్‌జీ3525 గానీ యూసీ3846 గానీ అనే కంట్రోల్ చిప్ ఉంటుంది, రెండిటి రిఫరెన్స్ వోల్టేజీ కూడా 5.1 వోల్టులు. పక్కన ఉండే రెండు మూడు ప్రీసెట్లలో సాధారణంగా ఒకటి మినిమమ్, ఒకటి మాగ్జిమమ్, మూడోది డిస్‌ప్లే. ఏది ఏదో తెలియకపోతే ఒక్కోదాని రెసిస్టెన్స్ ముందు రాసుకుని, ఒక్క చుట్టు మాత్రమే తిప్పి, ఏది మారిందో చూసి వెనక్కి తెండి. పొడుగు నీలం ప్రీసెట్ 25 చుట్లది, చివర ఆగదు, టిక్ మంటూ తిరుగుతూనే ఉంటుంది. మెషీన్ పది నిమిషాలు వేడెక్కాక ముందు మినిమమ్, తర్వాత మాగ్జిమమ్ సెట్ చేయండి. ఒకటి తిప్పితే రెండోది కదులుతుంది కాబట్టి మూడుసార్లు తిరగాలి. డిస్‌ప్లే ప్రీసెట్ ఆఖరున.

మాగ్జిమమ్‌ని పెంచాలనే ఆశ అందరికీ ఉంటుంది. స్టిక్కర్ మీద 200 ఉన్నా లోపలి ఐజీబీటీలు (కరెంటును స్విచ్ చేసే పవర్ ట్రాన్సిస్టర్లు), హీట్‌సింక్ అంత మోయనివి ఎన్నో ఉన్నాయి. పెంచితే పోయేది కార్డు కాదు, పవర్ బోర్డే. పైగా నిజంగా 200 ఆంప్స్ తీస్తే 230 వోల్టుల దగ్గర 40 ఆంప్స్ పైనే లాగుతుంది, 16 ఆంప్స్ సాకెట్ ఎక్కడ సరిపోతుంది? మీ గ్రిల్స్ పనికి మాగ్జిమమ్‌ని 120కి దించమంటాను. నాబ్ తిరిగే 270 డిగ్రీల్లో 20 నుంచి 200 ఇరికితే ఆంప్‌కు డిగ్రీన్నర. 120కి దించితే 2.7 డిగ్రీలు. పైసా ఖర్చు లేకుండా నాబ్ నెమ్మదిస్తుంది.

అది చాలకపోతేనే పాట్ మార్చండి. పాత దాన్ని విప్పి చివరి రెండు కాళ్ల మధ్య ఓమ్స్ కొలిచి అదే విలువ తీసుకోండి. బీ అక్షరమున్నది లీనియర్, ఏ ఉన్నది ఆడియోకి వాడేది. పొరపాటున ఏ వేస్తే సగం తిప్పినా కరెంటు రాదు, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. పది చుట్ల పాట్ కచ్చితమే, కానీ ఎక్కడుందో చూపుకు తెలియదు, గ్లవ్‌తో విసుగు. ఫైన్ నాబ్ కావాలంటే 10 కిలో ఓమ్స్ పాట్‌కి 1 కిలో ఓమ్ పాట్‌ని చివరి కాలితో సిరీస్‌లో కలపాలి. మధ్య కాలితో కలిపితే ఏమీ మారదు, చాలామంది తప్పేది ఇక్కడే. కలిపాక మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి.

మధ్య కాలు వోల్టేజీ పెరిగితే కరెంటు పెరిగే కార్డు అయితే, ఆ కాలు నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్స్ వేయండి. అరిగిన పాట్ కాంటాక్ట్ వదిలినా కరెంటు కిందికే పడుతుంది. గ్రౌండ్ కాలి టంకం మాత్రం గట్టిగా ఉండాలి, అది ఊడితే నేరుగా మాగ్జిమమే. కార్డు దగ్గర మధ్య కాలికీ గ్రౌండ్‌కీ మధ్య 104 అని రాసున్న సిరామిక్ కెపాసిటర్ (0.1 మైక్రోఫారడ్) వేయండి, పాట్ వైర్లు మెలితిప్పి అవుట్‌పుట్ కేబుల్‌కు దూరంగా ఉంచండి.

అయ్యాక ప్రీసెట్ల మీద నెయిల్ పాలిష్ చుక్క వేసి, మూత బిగించే ముందు ఫ్యాన్ దారిలోని గ్రైండింగ్ పొడి బ్రష్‌తో తీసేయండి, అది కరెంటును పారనిస్తుంది. 16 గేజి పైపుకు 2 మి.మీ. 6013 రాడ్డు, 45 నుంచి 50 ఆంప్స్‌తో మొదలుపెట్టండి. 2.5 రాడ్డు అంత తక్కువలో నిలకడగా వెలగడం కష్టం, మీ మెషీన్ ఎంత సరిగ్గా సెట్ అయినా.