‘పర్మినెంట్ అయ్యాక’ అంటున్నారు, ఎప్పటికి?

నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మావారికి 34. ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, మూడేళ్లుగా పుణెలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగంలో, ఉన్నారు. ఏటా పొడిగించే కాంట్రాక్టు. పిల్లల మాటెత్తితే ‘పర్మినెంట్ అయ్యాక’ అంటారు. మా నాన్న ‘అల్లుడిగారి చదువు ఇంకా అవలేదా’ అని నలుగురిలో అడుగుతారు. చెల్లెలి గృహప్రవేశంలో ఎవరో అడిగితే ‘ఏదో రీసెర్చ్’ అనేసి లోపలికి వెళ్లిపోయాను. మానేసి వచ్చేయమని ఆయనకెలా చెప్పాలి?
– ఒక సోదరి

అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి. చదువు పీహెచ్‌డీతోనే అయిపోయింది, పోస్ట్‌డాక్ ఉద్యోగమే. ఆ మాట అల్లుడు చెప్పుకుంటే సంజాయిషీలా ఉంటుంది, కూతురు చెబితే ఆ ప్రశ్న ఆగుతుంది. మీరన్న ఆ ‘ఏదో’ కూడా మీవారి చెవిన పడే ఉంటుంది సుమా.

ఇక మానేయమనడం. ఈ రంగంలో వయసుకు గడువులున్నాయి. కేంద్ర ప్రభుత్వం యువ పరిశోధకులకిచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు సాధారణంగా 32 ఏళ్లే పరిమితి, అది దాటిపోయింది. నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు జనరల్ అభ్యర్థులకు 35. ఐఐటీలు రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతాయి, వయసు 35 లోపుంటే మంచిదని చాలా ప్రకటనల్లోనే రాస్తాయి. మీవారికి ఆ మూడేళ్లూ ఇప్పుడే నిండాయి. ఇన్నాళ్లు ఓపికపట్టి, సరిగ్గా అర్హత వచ్చిన ఏడాదే వచ్చేయమంటారా? నేనైతే అనను.

అలాగని ‘పర్మినెంట్ అయ్యాక’ అన్న మాటనూ ఒప్పుకోను. ప్రకటన, షార్ట్‌లిస్టు, సెమినార్, ఇంటర్వ్యూ... ఒక్కో సంస్థలో నెలలకు నెలలు పడుతుంది. ఉద్యోగం సెలక్షన్ కమిటీ చేతిలో ఉంది, నిజమే. మీ ఇంట్లో బిడ్డ ఎప్పుడు పుట్టాలన్నది కూడా ఆ కమిటీకే ఎందుకు అప్పగించారు? మీ జీతంతో ఇల్లు నడుస్తున్నప్పుడు ఈ రెండింటికీ ముడి దేనికి? బహుశా సంపాదన తక్కువగా ఉండగా తండ్రి కావడం ఆయనకు నామోషీగా ఉందేమో. అడిగి చూడండి, గద్దించకుండా.

ఆర్గానిక్ కెమిస్ట్రీ కావడం ఒక విధంగా మీ అదృష్టం. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు, వేరే కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థలు ఆ పీహెచ్‌డీలను తీసుకుంటూనే ఉంటాయి. (సైద్ధాంతిక భౌతికశాస్త్రం అయి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు.) అయితే కంపెనీకి మారడాన్ని ‘మానేసి రావడం’ అనకండి. పదేళ్లు ఫ్లాస్కుల ముందు నిలబడ్డ మనిషికి ఆ మాట ఓడిపోయావన్నట్టే వినిపిస్తుంది.

ఈసారి ఆయన వచ్చినప్పుడు క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోండి. ఎన్ని చోట్ల దరఖాస్తు పెడతారు, ఏ నెల దాకా చూస్తారు, కంపెనీలకు ఎప్పటి నుంచి బయోడేటా పంపుతారు? ఆ తేదీలు ఆయన నోటితోనే రానివ్వండి. తిరస్కరణ మెయిల్ వచ్చినప్పుడల్లా రోజుల తరబడి నిద్ర, తిండి తప్పుతున్నట్టయితే మాత్రం ముందు సైకాలజిస్టును కలవండి.

పిల్లల సంగతి అదే పూట ఎత్తకండి. మర్నాడు విడిగా మాట్లాడండి. అక్కడ తేదీ మీరు చెప్పండి.