ఐదు నెలల లాబ్రడార్ గిన్నెలోది ముట్టదు, చెప్పిన మాట వినదు. ఏం చేయాలి?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు రెండో అంతస్తులో ఉంటున్నారు. ఇంట్లో మాంసం వండరు, కుక్క కోసం గుడ్డు ఉడికించడానికి మాత్రం అభ్యంతరం లేదు. కుక్కపిల్ల గిన్నెలో పెట్టినదాన్ని వాసన చూసి వదిలేస్తోంది. మీరు భోజనానికి కూర్చుంటే మీదికి ఎగబడుతోంది. బాబు చేతులు కొరుకుతోంది, హాల్లోనే మూత్రం పోస్తోంది, అత్తగారు వేసిన ముగ్గు తొక్కి పూజగదిలోకి దూరుతోంది. తిండి సంగతి ముందు చూడాలా, శిక్షణ ముందు మొదలుపెట్టాలా అని అడిగారు.

రెండూ ఒకటే పని అని నేను గట్టిగా నమ్ముతాను. తిండిని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, తాను ఏం చేస్తే ఇస్తున్నారన్నది కుక్క గమనించినంత శ్రద్ధగా మరి దేన్నీ గమనించదు. సాయంత్రం పది నిమిషాలు ‘కూర్చో, లే’ అని నేర్పి, మిగతా రోజంతా వంటింటి గుమ్మం దగ్గర అది మొరిగినప్పుడల్లా ఏదో ఒకటి వేస్తుంటే, అది ఒంటబట్టించుకునేది వంటింటి పాఠమే. మేం కపిలతీర్థం వైపు కొండ కింద ఉంటాం. మా ఇంట్లో ఒక లాబ్రడార్, వీధిలోంచి తెచ్చుకున్న ఒక నాటు కుక్క కలిసి పెరిగాయి. వాటితో నేర్చుకున్నదీ, పశువైద్యులను అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాను.

లాబ్రడార్ ఆకలి మీద ఉండి గిన్నె వదిలేయడం చాలా అరుదు. ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపం ఉంటుందని, అందుకే అవి తిండి కోసం అంతగా ఆరాటపడతాయని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. అలాంటి జాతి పిల్ల తినడం లేదంటే ఒంట్లో బాగోలేకపోవాలి, లేదా కడుపు ముందే నిండి ఉండాలి. నీరసంగా పడుకుని ఉండి, వాంతులు, నీళ్ల విరేచనాలు, అందులో రక్తం కనిపిస్తే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. అప్పుడు రేపటిదాకా ఆగకండి, ఆ పూటే తీసుకెళ్లండి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉండటం మనకు పెద్ద అండ. మీ పిల్ల మాత్రం మీ పళ్లెం చూసి ఎగురుతోంది కాబట్టి రెండో కారణమే అనిపిస్తోంది. ఒక్క రోజు ఒక కాగితం పెట్టి, ఇంట్లో ఎవరు ఏది వేసినా రాయమనండి. పొద్దున దోసె ముక్క, టీతో రెండు బిస్కెట్లు, బాబు వదిలేసిన ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం ముద్ద, సాయంత్రం మళ్లీ బిస్కెట్లు. రాత్రికి ఆ కాగితం చూస్తే గిన్నె ఎందుకు నిండుగా మిగిలిందో తెలిసిపోతుంది.

ఇక రేపటి నుంచి గిన్నెకు వేళలు పెట్టండి. ఈ వయసులో మూడు పూటలు చాలు, ఆరు నెలలు దాటాక రెండు పూటలు. గిన్నె పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు చూడండి. తినకపోతే ఏమీ అనకుండా తీసేయండి, మళ్లీ తరువాతి పూటకే పెట్టండి. మధ్యలో మంచినీళ్లు తప్ప మరేమీ వద్దు. ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్ల ఒక పూట మానేస్తే ఏమీ కాదు. వరసగా రెండు పూటలు మానేసి డీలా పడితే మాత్రం వైద్యుడికి చూపించాలి.

ఆ గిన్నె ఎలా పెట్టాలన్నదే శిక్షణలో మొదటి మెట్టు. చేతిలో గిన్నెతో దాని ముందు నిలబడండి. ఎగురుతుంది, మొరుగుతుంది. కసరకండి, పేరు పెట్టి పిలవకండి, అసలు మాట్లాడకండి. గిన్నెను మెల్లగా కిందికి దించండి. అది మీదికి లేవగానే మళ్లీ పైకెత్తేయండి. ఇలా కొన్నిసార్లు జరిగాక దానికి దిక్కు తోచదు. తల పైకెత్తి గిన్నె వంకే చూస్తూ ఉండిపోతుంది. కుక్క తల పైకి లేచినకొద్దీ నడుము కిందికి జారుతుంది కాబట్టి తనంతట తానే చతికిలబడుతుంది. సరిగ్గా అప్పుడే ‘కూర్చో’ అనండి, గిన్నె నేలమీద పెట్టేయండి. రెండు క్షణాలు ఆలస్యమైనా అది లేచి నిలబడి ఉంటుంది, నిలబడినందుకే తిండి దొరికిందనుకుంటుంది. కొన్నాళ్లకు గిన్నె కనిపించగానే కూర్చుంటుంది. అప్పుడు గిన్నె కింద పెట్టి, అరచెయ్యి అడ్డం చూపించి ‘ఆగు’ అనండి. ఒక్క క్షణం ఆగితే చాలు, ‘తిను’ అనేయండి. ఆ ఒక్క క్షణాన్నే రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఇంట్లో అందరూ ఇవే మాటలు వాడాలి. మీరు ‘కూర్చో’ అని, బాబు ‘సిట్’ అని, పక్కింటివాళ్లు తమిళంలో ఇంకొకటి అంటే దానికి పట్టుబడేసరికి చాలా కాలం పడుతుంది.

మీ పూజగది సమస్య కూడా ఇక్కడే తీరుతుంది. గిన్నె దగ్గర ఆగడం వచ్చిన కుక్కను గొలుసుతో గడప దాకా తీసుకెళ్లి, ముందు కాలు గడప తాకకముందే ‘ఆగు’ అనండి. ఆగగానే అక్కడే, గడపకు ఇవతలే, దాని పూట తిండిలోంచి తీసి పెట్టుకున్న నాలుగు పొడి ఆహారపు గింజలు ఇవ్వండి. గడప లోపల దానికి ఎప్పుడూ ఏమీ దొరకదు, ఇవతల దొరుకుతుంది. మా నాటు కుక్క ఇలాగే నేర్చుకుంది. హారతి పళ్లెం బయటికి వచ్చేదాకా గడప దగ్గర కూర్చునేది. ముగ్గు విషయంలో మాత్రం పిల్లను తప్పుపట్టలేం. పొద్దున తలుపు తీయగానే అది పరుగెత్తేది మూత్రం ఆపుకోలేకే. ముందు దాన్ని కిందికి తిప్పి తెచ్చాక ముగ్గు వేసుకోమని అత్తగారిని అడగండి.

హాల్లో మూత్రం పోయడం కూడా తిండి వేళలతో ముడిపడినదే. తినే వేళ కుదిరితే విసర్జన వేళ దానంతటదే కుదురుతుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ఆపగానే మెట్లు దింపండి, రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. పని కానివ్వగానే అక్కడే మెచ్చుకోండి, పైకి వచ్చాక కాదు. ఇంట్లో పోస్తే వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి. అమోనియా ఉన్న ద్రావణాలు వాడితే ఆ వాసన మూత్రం వాసనలాగే ఉండి మళ్లీ అక్కడికే వస్తుంది. ముక్కు పట్టి మూత్రంలో రాయడం, పేపరు చుట్టి కొట్టడం మన దగ్గర చాలా ఇళ్లలో చూస్తాను. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. దానివల్ల కుక్క నేర్చుకునేది మీ కంట పడకుండా సోఫా వెనక్కి వెళ్లి పోయడం మాత్రమే. చెయ్యి చూస్తే బెదిరే కుక్క ఒకనాడు ఆ చేతినే కరుస్తుంది.

ఇప్పుడు ఏం పెట్టాలన్న ప్రశ్న. కుక్క పిల్లిలాగా మాంసం మీదే బతికే జీవి కాదు. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. అంటే అన్నం, రాగి సంగటి దానికి అరుగుతాయి. కానీ అరగడం వేరు, సరిపోవడం వేరు. ‘మా ఊళ్లో కుక్కలు సంగటి, మజ్జిగతోనే బతికాయి’ అని చిత్తూరు వైపు ప్రతి ఇంట్లో అంటారు. ఆ కుక్కలు పొలంలో ఎలుకలను పట్టాయి, పెంట మీద ఎముకలు ఏరుకున్నాయి. రెండో అంతస్తులో ఉండే మీ పిల్లకు ఆ దారి లేదు. పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులూ చాలవు, కాల్షియమూ చాలదు. అలాగని కాల్షియం మందు మీరే కొని పోయకండి. లాబ్రడార్ వంటి పెద్ద జాతి పిల్లల్లో కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకరపోతాయి.

అందుకే ఏడాది దాటేదాకా పెద్ద జాతి పిల్లల కోసం తయారుచేసిన పొడి ఆహారమే ప్రధానంగా ఉంచమని నా సలహా. ఒక్కసారిగా మార్చకుండా వారం రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. దాని మీద ఉడికిన గుడ్డు, రెండు చెంచాల పెరుగు, పనీరు, ఉడికించిన గుమ్మడి, క్యారెట్ లాంటివి వేయవచ్చు, అయితే రోజు మొత్తంలో పదో వంతు మించకూడదు. పాలు మన జిల్లాలో పుష్కలం కాబట్టి గిన్నె నిండా పోస్తుంటారు. తల్లిపాలు మరిచిన కుక్కపిల్లల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగు నయం.

పెట్టకూడని వాటిలో మన ఊళ్లో అందరికంటే ముందు చెప్పాల్సింది శ్రీవారి లడ్డూ. కొండకు వెళ్లొచ్చిన ప్రతివారూ తెచ్చి ఇస్తారు, ప్రసాదం కదా అని భక్తితో కుక్కకూ ఒక పలుకు వేస్తారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమన్నది కుక్కను బట్టి మారుతుంది కాబట్టి ‘కొంచెమే కదా’ అనుకోవడానికి లేదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఇందుకు కారణమని ఇటీవల పశువైద్యులు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. కాబట్టి పులిహోర, పులుసు, సాంబారు కూడా దూరం పెట్టండి. సాంబారులో ఉల్లిపాయలు కూడా ఉంటాయి, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను చిదిమేస్తాయి. పొరపాటున లడ్డూ తింటే, బాగానే ఉంది కదా అని ఎదురుచూడకండి. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి తీసుకెళ్లండి. గుడి నుంచి వచ్చినది దానికీ పెట్టాలని అత్తగారికి ఉంటే, అరటిపండు ముక్క పెట్టమనండి.

మామిడికాయల కాలంలో మరొకటి. గుజ్జు కొంచెం పెడితే తప్పులేదు. టెంకతోనే వస్తుంది చావు. బంగారుపాళెం దగ్గర మా బావగారి తోటలో ఉండే కుక్క తోతాపురి టెంక మింగేసింది. ఒకటే వాంతులు, నీళ్లు కూడా నిలవలేదు, పొట్ట ముట్టుకోనిచ్చేది కాదు. చివరికి పేగు కోసి తీయాల్సి వచ్చింది. బతికింది, కానీ అందరి కుక్కలకూ ఆ అదృష్టం ఉండదు. మీ ఇంట్లో టెంకలు మూత ఉన్న బుట్టలోనే వేయండి.

కొరకడం గురించి మీరు ఎక్కువ భయపడనవసరం లేదు. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు సలుపుతాయి. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ, చల్లటి క్యారెట్ కొరకనివ్వండి. చేతికి పళ్లు తగలగానే బాబు అరుస్తూ పరుగెత్తకూడదు, అది ఆట అనుకుంటుంది. చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి, అటు తిరిగిపోవాలి. పన్ను దిగి గీత పడితే మాత్రం, టీకాలు వేయించిన కుక్కే అయినా, సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వైద్యుడికి చూపించండి. పిల్లకు మూడు నెలలకే వేయాల్సిన రేబీస్ టీకా ఇంకా వేయించకపోతే ఈ వారమే వేయించండి.

ఎండల్లో తిండి వేళను మార్చుకోవాలి. మేలో మన ఊళ్లో నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి కుక్కలు సహజంగానే తక్కువ తింటాయి. పొద్దున ఆరింటికి, రాత్రి ఏడు దాటాక ఎక్కువ భాగం పెట్టండి, మధ్యాహ్నం కొంచెమే. తిప్పడానికి వెళ్లేముందు మీ అరచెయ్యి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. గోమార్లు ఎక్కువయ్యేదీ వేడి కాలంలోనే. చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ వెతకండి. అవి తెచ్చే జ్వరాలు కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

గంగమ్మ జాతర డప్పులకు, దీపావళి టపాసులకు ఇప్పటి నుంచే అలవాటు చేయండి. ఫోనులో డప్పుల శబ్దం చాలా తక్కువగా పెట్టి, అదే సమయంలో గిన్నె పెట్టండి. తినడం ఆపితే శబ్దం ఎక్కువైందని అర్థం, తగ్గించండి. వారాల మీద మెల్లగా పెంచితే ఆ చప్పుడుకు అది తిండిని గుర్తుచేసుకుంటుంది. కొండ పక్కన ఉండే మావంటి వాళ్లు ఇంకొకటి పాటించాలి. శేషాచలం అడవిలోంచి చిరుతలు దిగుతుంటాయి, వాటికి కుక్క సులువైన ఆహారం. చీకటి పడ్డాక కుక్కను వరండాలో కట్టేసి ఉంచకూడదు.

అత్తగారి విషయం చివరికి మిగిల్చాను, ఎందుకంటే అదే అసలు పని. ఆవిడ దోసె ముక్కలు వేస్తుంటే అది ప్రేమతోనే, ‘వేయకండి’ అంటే నొచ్చుకుంటారు, మీరు చూడనప్పుడు వేస్తారు. రాత్రి గిన్నెను ఆవిడ చేతికే ఇవ్వండి. కూర్చోబెట్టి, ‘ఆగు’ అని, ‘తిను’ అనేదాకా ఆవిడే చేయాలి, మిగతావాళ్లు ఆ పూట వంటింట్లోకి రాకూడదు. పొద్దున గిన్నె మీది, మధ్యాహ్నానిది ఇంట్లో ఉన్నవారిది. బాబుకు గడప దగ్గర ఇచ్చే గింజల డబ్బా ఇవ్వండి, మీరు పక్కన ఉన్నప్పుడు మాత్రమే. భోజనాల వేళ పిల్లను గది అవతల, తన గోనెపట్టా మీద కట్టేసి, అందరూ తిని లేచాకే విప్పండి. మొదటి కొన్ని రోజులు ఇల్లు దద్దరిల్లేలా మొరుగుతుంది. కింది ఇంటివాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, ఆ రోజుల్లో మాత్రం ఎవరూ లొంగకండి.