అమ్మానాన్నలతో పాత శాన్ హువాన్‌లో ఒక రోజు

చి. సౌ. అమ్మలుకు,
పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నలను ప్యూర్టో రికో తీసుకెళ్తున్నావని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. అక్కడి రాజధానిలోని పాత ఊరు, పాత శాన్ హువాన్‌కు ఒక్క రోజే పెట్టుకున్నారట. చాలు. కానీ చూసే వరస తప్పితే ఆ రోజంతా ఎండలో మెట్లెక్కడానికే సరిపోతుంది. పొద్దున ఒక కోట, మధ్యాహ్నం ఊరు, ఆ తర్వాత రెండో కోట, సాయంత్రం గోడ పక్కన నడక. దీనికి ఇంకేమీ తగిలించకు, బీచ్ మరో రోజుకు పెట్టుకో.

ముందు కాగితాలు. అది అమెరికా భూభాగమే కాబట్టి వాళ్ల విజిటర్ వీసాకు చిక్కేమీ లేదు, ఇమిగ్రేషన్ క్యూ ఉండదు. అయినా విమానం ఎక్కేటప్పుడు చూపించడానికి పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి. అక్కడి నుంచి వేరే దేశపు దీవికి ఓడ ఎక్కితే మాత్రం అమెరికా దాటినట్టే. తిరిగి వచ్చేటప్పుడు వీసా చూస్తారు. శీతాకాలంలో ప్యూర్టో రికో గడియారం న్యూయార్క్ కంటే గంట ముందుంటుంది, వేసవిలో రెండూ ఒకటే.

అద్దె కారుతో పాత ఊళ్లోకి వెళ్లకు. వీధులు ఇరుకు, చాలావరకు వన్‌వేలు, పార్కింగ్ కోసమే గంట పోతుంది. టాక్సీలోనో ఉబర్‌లోనో వెళ్లి నేరుగా మొదటి కోట ఎల్ మోరో ముందున్న మైదానం దగ్గర దిగండి. ఓడరేవు ఊరిని ఆనుకునే ఉంది, క్రూయిజ్ ఓడలు వచ్చిన రోజు పది దాటగానే జనం కిటకిటలాడతారు. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తాయో ఆన్‌లైన్లో చూసి తక్కువ ఉన్న రోజు ఎంచుకో.

కోటలు ఈ మధ్య 9:30కి తెరిచి 4:30కి మూస్తున్నారు. ముందురోజు రాత్రి నేషనల్ పార్క్ సర్వీస్ సైట్లో ఒకసారి సరిచూసుకో. పదహారేళ్లు దాటినవాళ్లకు టికెట్ 10 డాలర్లు, అదే టికెట్‌తో 24 గంటల్లోపు రెండో కోట కూడా చూడొచ్చు. పారేయకు. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

ఎల్ మోరో ముందు చూడమనడానికి కారణం ఆ మైదానం. వీధి నుంచి కోట గుమ్మం దాకా దాదాపు నాలుగు వందల మీటర్లు, ఒక్క చెట్టు నీడ లేదు. తెరిచే వేళకు అక్కడుంటే హాయిగా దాటేస్తారు. గాలికి గొడుగు నిలవదు, గట్టిగా కట్టుకునే టోపీలు తీసుకెళ్లండి. లోపల ఆరు అంతస్తులు. గుమ్మం పై అంతస్తుల్లోకే తెరుచుకుంటుంది, అంటే కిందికి దిగినన్ని మెట్లూ మళ్లీ ఎక్కి తీరాలి. తమ్ముడి మోకాళ్ల సంగతి నీకు తెలుసు. వాళ్లిద్దరినీ గుమ్మం దాటగానే వచ్చే పెద్ద ముంగిట్లో, చుట్టూ ఉన్న మ్యూజియం గదుల్లో తిరగనివ్వు. కింది ఫిరంగుల వరుసకు నువ్వొక్కదానివే వెళ్లి రా.

చూసేటప్పుడు ఒక విషయం మనసులో పెట్టుకో. 1539లో స్పెయిన్‌వాళ్లు మొదలుపెట్టిన ఈ కోట సముద్రం మీద నుంచి వచ్చే శత్రువును ఆపడానికి కట్టింది. 1595లో ఇంగ్లిషు నావికుడు డ్రేక్ అలాగే వచ్చి ఫిరంగి దెబ్బలు తిని వెళ్లాడు. 1598లో మరో ఇంగ్లిషువాడు కంబర్లాండ్ ప్రభువు తూర్పున దిగి నేల మీదుగా వచ్చాడు, కోట లొంగిపోయింది. వాళ్ల సైన్యాన్ని వెళ్లగొట్టింది చివరికి రక్త విరేచనాలే. 1625లో డచ్చివాళ్లు ఊరినే తగలబెట్టారు. ఊరి చుట్టూ గోడ, తూర్పున నేల వైపు శాన్ క్రిస్టోబల్ కోట వచ్చింది ఆ దెబ్బల తర్వాతే. ఈ వరసలో చూస్తే రెండో కోట ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం క్రిస్టో వీధిలో దిగండి. ఎల్ మోరో వైపు నుంచి వస్తే అంతా పల్లమే. కింది నుంచి ఎక్కేవాళ్ల ఆయాసం చూస్తే నీకే తెలుస్తుంది. వీధిలో పరిచిన, నీలంగా మెరిసే ఆ రాళ్లు ఇనుప కొలిమి చిట్టెంతో పోతపోసినవి, వాన చినుకు పడితే నున్నగా జారతాయి. అమ్మకు చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేయించు. దారిలోనే కెథెడ్రల్, అందులో ప్యూర్టో రికో మొదటి గవర్నరైన పోన్సే దే లియోన్ పాలరాతి సమాధి. అక్కడ పావుగంట చాలు.

భోజనం దగ్గరే అసలు జాగ్రత్త. మోఫోంగో అంటే పచ్చి అరటికాయ వేయించి వెల్లుల్లితో దంచిన ముద్ద, మన నోటికి బాగా పడుతుంది. కానీ దాంట్లో తరచూ పంది చర్మపు వేపుడు కలిపి దంచుతారు. అన్నంలో వేసే గాందూలెస్ మన కందికాయ గింజలే, చూడగానే అమ్మ సంబరపడుతుంది. అయితే ఆ అన్నంలోనూ హామ్ అనే పంది మాంసం ముక్కలు పడుతుంటాయి, చిక్కుడు గింజల కూరలోనూ అంతే. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. ‘సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ మాంటేకా’ అని స్పానిష్‌లో మూడూ చెప్పు. మూడోది పంది కొవ్వు గురించి. అనుమానంగా ఉంటే తోస్తోనెస్ అనే అరటికాయ వేపుడు, సలాడ్, అవకాడో తెప్పించుకోండి. వేయించే నూనె మాంసానికీ అదేనా అని కూడా అడుగు.

శాన్ క్రిస్టోబల్‌కు రెండున్నరకల్లా చేరండి. కొలంబస్ పేరున్న చౌకు నుంచి చిన్న ఎక్కుడే. సొరంగాలు చల్లగా ఉంటాయి కాబట్టి ఎండ వేళకు ఇదే నయం. నేల తడిగా, వాలుగా ఉంటుంది, ఫోన్ లైటు వేసుకుని నాన్న చెయ్యి పట్టుకో. చెరసాల గోడ మీద ఎవరో ఖైదీ గీసిన ఓడల బొమ్మలున్నాయి, తప్పకుండా చూడండి. ముంగిలి కింద వాన నీటి తొట్లున్నాయి. ముట్టడి పడితే తాగడానికి ఆ నీళ్లే ఆధారం.

కోట మూసేశాక టాక్సీలో శాన్ హువాన్ ద్వారం దగ్గరికి వెళ్లండి. ఎర్ర తలుపు దాటితే గోడ అడుగున సముద్రం పక్కన చదునైన దారి, నిండా పిల్లులు. ఆ దారి ఎల్ మోరో కిందే ఆగిపోతుంది, పైకి మెట్లు లేవు. కోటలోకి వెళ్తుందనుకుని చివరిదాకా నడిచి నీరసపడేవాళ్లు చాలామంది. ఓపిక ఉన్నంత దూరం వెళ్లి వెనక్కి తిరగండి. మూసే వేళ బోర్డు మీద ఉంటుంది, చూసుకో.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో వ్యవసాయ శాఖవాళ్లు సంచులు స్కాన్ చేస్తారు. మామిడిపండ్లు తేనివ్వరు. తమ్ముడు ఎలాగూ కొంటాడు, కాబట్టి హోటల్ గదిలోనే కోసిపెట్టు.

ఇట్లు,
పెదనాన్న