అమెరికా గన్నులు, స్విస్ రైఫిళ్లు, సీమ బాంబులు: తేడా ఎక్కడుంది?

మీరు అడిగినవి మూడు. అమెరికాలో తుపాకులు ఎక్కువ కాబట్టే చావులు ఎక్కువా? అలాగైతే ఇంట్లో మిలిటరీ రైఫిల్ పెట్టుకునే స్విట్జర్లాండ్ ఎందుకు ప్రశాంతంగా ఉంది? తుపాకీ అందుబాటులో లేని మన కర్నూలు, కడప, అనంతపురాల్లో అన్ని హత్యలు ఎట్లా జరిగాయి? దీంతోపాటు మీ తమ్ముడు ఎంఎస్‌కి టెక్సాస్ పోతున్నాడు, ఏం జాగ్రత్తలు చెప్పాలని కూడా అడిగారు. ఆయుధాల లైసెన్సు ఫైళ్లతో చాలాకాలం మెలిగినవాణ్ణి కాబట్టి తెలిసినంత చెప్తాను.

ముందు మన ఊళ్ల సంగతి. సీమలో గన్ కల్చర్ అని టీవీల్లో అంటుంటారు గానీ, ఇక్కడ కనిపించేది గన్‌మెన్ కల్చర్. లీడరుకు ప్రభుత్వం కాపలాకిచ్చిన గన్‌మెన్ వన్ ప్లస్ వన్నా, టూ ప్లస్ టూనా, ఫోర్ ప్లస్ ఫోరా అన్నదాన్ని బట్టి ఊళ్లో ఆయన స్థాయి లెక్కగడతారు. గన్‌మెన్‌ను తీసేస్తే పరువు పోయినట్టే. ఆ తుపాకీ ప్రభుత్వానిది, పట్టుకున్నాయన కానిస్టేబులు. ఫ్యాక్షన్ రోజుల్లో మనుషులను చంపింది ఎక్కువగా నాటుబాంబు, వేటకొడవలి. 2005 జనవరి 24న అనంతపురంలో టీడీపీ ఆఫీసు దగ్గర ఆ పార్టీ ఎమ్మెల్యే పరిటాల రవిని తుపాకీతో కాల్చి చంపారు గనక అది అందరికీ గుర్తుండిపోయింది. అంతకుముందు 1997లో హైదరాబాద్‌లో ఆయన మీద జరిగింది కారు బాంబు దాడి.

బాంబుతోనో కొడవలితోనో చంపాలంటే మందీమార్బలం కావాలి. జీపు కావాలి, జీపు నిండా మనుషులు కావాలి, ఎదుటివాడు ఏ పొద్దు ఏ దారిన వస్తాడో చెప్పే వేగు కావాలి, కల్వర్టు దగ్గర గంటలకొద్దీ కాపు కాయాలి. ఇంతమందికి తెలిసిన సంగతి ఎక్కడో ఒకచోట బయటికి పొక్కుతుంది. అందుకే బైండోవర్లు (గొడవలకు పోనని అధికారి ముందు రాయించుకునే పూచీకత్తులు), ఊళ్లో పోలీసు పికెట్లు, పెద్దమనుషుల రాజీలు కొంతైనా పనిచేశాయి. చంపాలన్న ఆలోచనకూ చంపడానికీ మధ్య రోజులు, వారాలు ఉండేవి. తుపాకీ ఆ వ్యవధిని తీసేస్తుంది. ఒక్క మనిషి, ఒక్క తగాదా, ఒక్క నిమిషం చాలు. దేశాలను పోల్చేటప్పుడు ఎన్ని తుపాకులున్నాయన్నదొక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. కోపానికీ ట్రిగ్గరుకూ మధ్య ఆ దేశం ఎన్ని అడ్డంకులు పెట్టిందన్నది చూడాలి.

అమెరికాలో ఆ అడ్డంకులు తక్కువ. తుపాకుల లెక్కలు తీసే స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2017 నాటికి అక్కడ పౌరుల దగ్గర 39.3 కోట్ల తుపాకులున్నాయి, వందమందికి 120. మన దేశంలో 7.1 కోట్లు, వందమందికి ఐదు. అమెరికాలో దుకాణంలో కొనేవాడు 4473 అనే ఫారం నింపి గుర్తింపు కార్డు చూపిస్తాడు. డీలరు ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే నేరచరిత్ర తనిఖీ వ్యవస్థలో ఆ పేరు అడుగుతాడు, చాలాసార్లు నిమిషాల్లో జవాబొస్తుంది. మూడు పనిదినాల్లో ఏ జవాబూ రాకపోతే ఫెడరల్ (అంటే అక్కడి కేంద్ర) చట్టం ప్రకారం డీలరు అమ్మేయొచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిదిమందిని చంపినవాడికి తుపాకీ అందింది ఈ సందులోంచే. డీలరు కాని మామూలు మనిషి ఇంకో మనిషికి అమ్మితే ఫెడరల్ చట్టం ఆ తనిఖీ కూడా అడగదు. కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, టెక్సాస్ అడగదు. దీన్ని సరిదిద్దడం ఎందుకంత కష్టమంటే, 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఉంది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అంది. 2022లో బ్రూయన్ కేసులో ఆ హక్కును ఇంటి బయటికీ పొడిగించింది.

2021లో అక్కడ తుపాకీ వల్ల పోయినవాళ్లు 48,830 మంది. ఇందులో హత్యలు 20,958, ఆత్మహత్యలు 26,328. మన పేపర్లో ఫోటోతో వచ్చే స్కూలు కాల్పులు, మాల్ కాల్పులు ఈ మొత్తంలో చిన్న పాలు. సగానికి పైగా తమను తామే కాల్చుకున్నవాళ్లు, ఆ సంగతి ఇక్కడ ఎవరూ మాట్లాడరు.

దీన్ని అనంతపురం రైతు ఇంటివాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ పని పురుగుల మందు చేస్తుంది. అప్పులవాడు గడపలో కూచున్న పూట మందు డబ్బా చేతికందే చోట ఉందా, పొలం షెడ్డులో తాళమేసి ఉందా అన్నదాని మీద ప్రాణం ఆధారపడుతుంది. శ్రీలంక బాగా విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోతే దేశం మొత్తం ఆత్మహత్యలే తగ్గాయి. మందు తాగినవాణ్ణి ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తే వ్యవధి కొంతైనా ఉంటుంది. తుపాకీ అది కూడా ఇవ్వదు, దాంతో ప్రయత్నించిన పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది దక్కరు. చచ్చేవాడు ఎట్లయినా చస్తాడు అని వాదించేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు.

స్విట్జర్లాండ్ పేరు తుపాకీ ప్రియులందరూ ఎత్తుతారు, సగమే చెప్తారు. నిర్బంధ సైనిక సేవలో ఉన్నవాళ్ల రైఫిల్ ఇంట్లో ఉండే మాట నిజమే. కానీ సైన్యం తూటాలు ఇంట్లో ఉంచే పద్ధతిని 2007 నుంచి ఎత్తేశారు. సొంతానికి చాలా రకాల తుపాకులు కొనాలంటే నేరచరిత్ర చూసి ఇచ్చే పర్మిట్ కావాలి. నిండు తుపాకీతో వీధిలో తిరగాలంటే అవసరం రుజువు చేసుకుని పరీక్ష పాసవ్వాలి, అది దొరికేది బహు తక్కువమందికి. మిగతావాళ్లు ఖాళీ తుపాకీని ఇంటి నుంచి షూటింగ్ రేంజికి, రేంజి నుంచి ఇంటికి మోస్తారంతే. అయినా సమస్య లేదనుకోకండి. 2003లో సైన్యాన్ని దాదాపు సగానికి కుదించాక, సైన్యంలో ఉండే వయసు మగవాళ్లలో ఆత్మహత్యలు తగ్గాయని అక్కడి పరిశోధకులే గమనించారు.

జపాన్ ఇంకో కొస. పిస్తోలు మామూలు మనిషికి దొరకదు. షాట్‌గన్ కావాలన్నా తరగతికి పోయి, రాతపరీక్ష, కాల్పుల పరీక్ష, మానసిక వైద్యుడి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, పోలీసులు ఇంటివాళ్లనూ చుట్టుపక్కలవాళ్లనూ విచారిస్తారు. షాట్‌గన్ పదేళ్లు సక్రమంగా ఉంచుకున్నాకే వేట రైఫిల్ అడగొచ్చు. 2022 జూలై 8న మాజీ ప్రధాని షింజో అబేని చంపినవాడు తుపాకీ ఇంట్లో తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో కాల్పుల్లో 35 మంది చనిపోయాక ప్రభుత్వం డబ్బిచ్చి సుమారు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. అక్కడ లైసెన్సుకు కారణం చెప్పాలి, ఆత్మరక్షణ అనేది కారణం కిందికి రాదు. మన దరఖాస్తుల్లో సగం దాని మీదే నడుస్తాయి!

చట్టం ఒక్కటే చాలదనడానికి మెక్సికో ఉంది. అక్కడ చట్టబద్ధంగా తుపాకులు అమ్మే దుకాణాలు సైన్యమే నడుపుతుంది, దేశం మొత్తానికీ ఒకటో రెండో. అయినా శవాల లెక్క ఆగదు. నేరాల్లో పట్టుబడి ఆచూకీ తీసిన తుపాకుల్లో ఎక్కువ భాగం సరిహద్దు అవతల అమెరికాలో కొన్నవే. మనకు అలాంటి పక్కిల్లు దేశం లోపలే ఉంది. బిహార్‌లో ముంగేర్, మధ్యప్రదేశ్‌లో ఖర్గోన్, బుర్హాన్‌పూర్ వైపు తయారయ్యే నాటు పిస్తోళ్లు రైళ్లలో, లారీల్లో దేశమంతా తిరుగుతాయి. 2016 చివరికి దేశంలో లైసెన్సులు సుమారు 33.7 లక్షలు, వాటిలో 12.7 లక్షలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. పైన చెప్పిన 7.1 కోట్ల అంచనా పక్కన దీన్ని పెట్టి చూడండి. అప్పట్లో ఒక లైసెన్సు మీద మూడు దాకా ఉంచుకోవచ్చు అనుకున్నా, మిగతాదంతా కాగితం లేని సరుకే. నాటు పిస్తోలు గొట్టానికి లోపల మెలిక గాడులుండవు, గురి కుదరదు, అతుకు పగిలితే పట్టుకున్నవాడి చెయ్యీ మొహమే పోతాయి. ఊరికే ఇంట్లో ఉన్నా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల జైలు. తయారీ, అమ్మకం అయితే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా.

మన దగ్గర సక్రమంగా పోతే దారి ఇది. ఆన్‌లైన్‌లో ఏ-1 ఫారం నింపి కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. వయసు 21 నిండాలి. తుపాకీ సురక్షితంగా వాడే శిక్షణ సర్టిఫికెట్, ఆరోగ్య పత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు మీద హామీ జతచేయాలి. ఫైలు ఎస్పీ ద్వారా మీ స్టేషన్‌కు వస్తుంది. ఎస్సై మీ మీద కేసులు, పాత బైండోవర్లు, ఊళ్లో తగాదాలు, ప్రాణభయం నిజమా కాదా చూసి రాస్తాడు. నిబంధనల్లో పోలీసు రిపోర్టుకు 30 రోజులని ఉంది, జరిగేది వేరే. ఎక్కువ ఫైళ్లు ఆగేది ప్రాణభయం దగ్గరే. భయం ఉంది అని ఒక ముక్క రాస్తే చాలదు, ఎవరి నుంచి, ఎప్పుడు, ఏ ఎఫ్ఐఆర్ అన్నది చూపాలి. ఫ్యాక్షన్ కేసులో ముద్దాయిగా ఉండి ప్రాణభయం అంటే, ఆ భయం నిజమైనా సరే, స్టేషన్ రిపోర్టు అడ్డంగానే వస్తుంది. నా లెక్కలో అది సరైన పనే.

అడవిపందుల బాధ ఉన్న శనక్కాయ రైతులకు చట్టంలో వేరే వెసులుబాటు ఉంది. పంట కాపలాకు గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ కింద లైసెన్సు ఇస్తారు. కానీ ఆ లైసెన్సు పందిని కాల్చడానికి అనుమతి కాదు. దానికి వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ ఉత్తర్వు విడిగా కావాలి. ఈ రెండూ ఒకటే అనుకుని కేసుల్లో ఇరుక్కునేవాళ్లున్నారు. తుపాకీ ఎందుకులే అని కంచెకు కరెంటు పెట్టడం ఇంకా ఘోరం, రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన పక్క పొలం రైతు పోతాడు.

లైసెన్సు ఉన్న ఇళ్లలో తప్పులు దాదాపు ఒకే తీరుగా జరుగుతాయి. ఐదేళ్ల గడువు ముగిసేదాకా చూస్తారు, రెన్యూవల్ దరఖాస్తు 60 రోజుల ముందే పడాలి. పెద్దాయన చనిపోతాడు, తుపాకీ బీరువాలోనే ఉండిపోతుంది, కొడుక్కి లైసెన్సు ఉండదు. ఆ రోజు నుంచి అది అక్రమ ఆయుధం కిందే లెక్క, వెంటనే స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి తర్వాత వారసుడి పేరున పెట్టుకోవాలి. ఎన్నికల కోడ్ రాగానే అప్పగించేటప్పుడు గొట్టం తుడిచి పలుచగా నూనె పట్టించి ఇవ్వండి, స్టేషన్ గదిలో నెలలు పడుంటే తుప్పు పడుతుంది. రసీదులో తుపాకీ నంబరుతోపాటు తూటాల సంఖ్య కూడా రాయించుకోండి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక మీ తమ్ముడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 దాటిన చాలామంది ఏ పర్మిటూ లేకుండా పిస్తోలు పెట్టుకుని తిరగొచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో పర్మిట్ ఉన్నవాళ్లు దాచిపెట్టుకుని క్లాసుకే తెచ్చుకోవచ్చు. కాబట్టి పార్కింగ్ దగ్గర గొడవపడే ప్రతివాడి దగ్గరా తుపాకీ ఉన్నట్టే లెక్కేసుకోవాలి. దారిలో కారు అడ్డమొస్తే హారన్ కొట్టి దిగి అడగడం మన అలవాటు, దాన్ని ఇక్కడే వదిలి పొమ్మనండి. పొరపాటున వేరేవాళ్ల ఇంటి గంట కొట్టకుండా చిరునామా రెండుసార్లు చూసుకోవాలి. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి పోయి ఇల్లు తప్పిన 16 ఏళ్ల కుర్రాణ్ణి ఇంటాయన తలుపు దగ్గరే కాల్చాడు, అదృష్టం, బతికాడు. పోలీసులు కారు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేటట్టు పెట్టాలి, లైసెన్సు తీస్తున్నానని చెప్పాకే జేబులో చెయ్యి పెట్టాలి. గ్యాస్ స్టేషన్‌లో పార్ట్ టైమ్ అనుమతి లేని పని, అది వీసాకు ముప్పు. ఎక్కడున్నా సరే, దోపిడీ జరిగితే గల్లా పెట్టె తెరిచి ఇచ్చేయాలి, మాట్లాడకూడదు, వెంట పడకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం) లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో అద్దె తుపాకీ పట్టుకున్నా ఉంచుకున్నట్టే. వారాంతంలో సరదాగా కాల్చి ఇన్‌స్టాలో పెట్టిన వీడియో తనకు తానే రాసిచ్చిన సాక్ష్యం అవుతుంది, శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికీ అదే కారణం. రూమ్మేటు సిటిజన్ అయి తుపాకీ ఉంచుకుంటే అది వాడి గదిలో తాళంలో ఉండాలి, తాళంచెవి మీవాడి దగ్గర ఉండకూడదు.

సెలవులకు వచ్చేటప్పుడు గుర్తుగా తూటా తెచ్చే పిచ్చి కూడా కొందరికుంది. శంషాబాద్‌లోనో బెంగళూరులోనో స్కానర్‌లో ఒక్క తూటా కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు. తెలియకుండా బ్యాగులో ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకుని కొట్టేయించుకున్నవాళ్లున్నారు. దానికి లాయరు, వాయిదాలు, ఈలోపు పోయే విమానం, పాస్‌పోర్టు తిప్పలు వేరే. ఎవరిదైనా బ్యాక్‌ప్యాక్ అరువు తీసుకుని ఉంటే పక్క జేబులు, అడుగు అర పూర్తిగా దులిపి చూసుకున్నాకే సర్దుకోమనండి.