కాండీ చూడటానికి చీటీ ఎత్తాలా?

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆవిడ ప్రభుత్వ టీచర్. పిల్లలు ఎనిమిదో తరగతి, ఆరో తరగతి చదువుతున్నారు. అమ్మకు 66 ఏళ్లు. మే మొదటి వారంలో, ఫ్యాక్టరీ సీజన్ మొదలయ్యేలోపు, ఐదుగురం శ్రీలంక చూసి రావాలని ఉంది. ఏజెంటు ఏడు రోజులకు రూ.3,85,000 చెప్పాడు, పన్నులు అదనం అన్నాడు. నాకు రూ.2 లక్షల చీటీ ఉంది. ఇరవై నెలల్లో పది కట్టేశాను, మిగతా పది ఈ మార్చి నుంచి డిసెంబరు వరకు. ఇప్పుడు పాడుకుంటే రూ.1,64,000 చేతికొస్తుంది. దానికి తోడు రూ.2 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి, రెండేళ్లకు ఇస్తామంటున్నారు. బంగారం మీద రూ.1,20,000 బాకీ ఉంది. రూ.1,50,000 ఎఫ్‌డీ ఉంది. ఇంటి ఖర్చులు, చీటీ పోను నెలకు రూ.20,000 మిగులుతుంది. అమ్మకు వయసు మీద పడుతోంది, అందుకే వాయిదా వేయాలంటే మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. అమ్మగారిని తీసుకునే వెళ్లండి. కానీ మేలో వద్దు, వచ్చే సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి. చీటీ ఇప్పుడు ఎత్తవద్దు, లోన్ జోలికి పోవద్దు, ఎఫ్‌డీని ముట్టుకోవద్దు.

ఎందుకో లెక్క చూడండి. డిసెంబరు దాకా ఆగితే, కమీషన్ 5 శాతం పోను మీ చీటీ రూ.1,90,000 వస్తుంది. ఇప్పుడు పాడుకుంటే రూ.1,64,000. నెలనెలా వచ్చే డివిడెండ్ (పాట తగ్గింపులో మీ వాటా) ఎలాగూ వస్తుంది కాబట్టి, తొందరపడినందుకు మీరు వదులుకునేది రూ.26,000. ఇక లోన్. రెండు లక్షలకు 14 శాతం మీద 24 నెలల కిస్తీ సుమారు రూ.9,600 పడుతుంది. రెండేళ్లలో కట్టే వడ్డీ రూ.30,000 దాటుతుంది. రెండూ కలిపితే రూ.56,000. ఈ డబ్బుతో అమ్మగారు అదనంగా ఒక్క గుడి కూడా చూడరు, పిల్లలు అదనంగా ఒక్క ఊరు కూడా తిరగరు. పైగా తిరిగొచ్చాక చీటీ వాయిదాలు, లోన్ కిస్తీ, బంగారం వడ్డీ మూడూ ఒకేసారి మీద పడతాయి. ఆ టెన్షన్ మీ ఇంటికి అవసరం లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట అమ్మగారి వయసు గురించి రాసింది. డబ్బు లెక్క చెప్పేవాళ్లం ఇలాంటి మాటను పక్కన పెట్టకూడదు. 66 ఏళ్ల మనిషి విషయంలో 'తర్వాత చూద్దాం' అనడం నాకూ ఇష్టం లేదు. కానీ మీరు ఆగేది ఎనిమిది నెలలు. పైగా మే నెల ఆమెకు మంచిది కాదు. ఆ నెలలోనే నైరుతి వానలు శ్రీలంక పశ్చిమ తీరాన్నీ కొండలనీ తడపడం మొదలుపెడతాయి. వాన లేని చోట ఉక్కపోత. డిసెంబరు నుంచి మార్చి దాకా పశ్చిమాన, దక్షిణాన, కొండల్లో వాతావరణం బాగుంటుంది. సిగిరియా వైపు జనవరిలో అప్పుడప్పుడు జల్లులు పడతాయి, గొడుగు ఉంటే చాలు. అది పర్యాటకుల సీజన్ కాబట్టి హోటల్ గదుల ధర కాస్త ఎక్కువే ఉంటుంది. దాన్ని నేను లెక్కలో వేశాను.

ఇప్పుడు ఆ ప్యాకేజీ సంగతి. ఏడు రోజుల్లో కొలంబో, అనురాధపురం, సిగిరియా, కాండీ, నువర ఎలియ, ఎల్ల, యాలా, గాలె అని ఏజెంటు ఇచ్చిన జాబితాను ఉత్తరంతో పంపారు. మ్యాపులో దగ్గరగానే కనిపిస్తాయి. కానీ కాండీ నుంచి నువర ఎలియ 80 కిలోమీటర్ల లోపే ఉన్నా, ఘాట్ రోడ్డులో మూడు గంటలు పట్టొచ్చు. ఈ జాబితా ప్రకారం తిరిగితే మీరు చూసేది ఎక్కువగా వ్యాను కిటికీనే. యాలాలో చిరుతల కోసం జీపు, పార్కు రుసుము కలిపి ఐదుగురికి పెద్ద మొత్తమే అవుతుంది, అయినా చిరుత కనిపిస్తుందన్న హామీ లేదు. దాన్ని తీసేయండి. గాలెలో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టి డచ్చివాళ్లు పెంచిన కోట చాలా బాగుంటుంది, కానీ మీ దారికి దూరం. అనురాధపురం, ఎల్ల కూడా ఈసారికి వదిలేయండి. మొదటి రాత్రి కొలంబోలో బస కూడా అక్కర్లేదు. విమానాశ్రయం నగరానికి ఉత్తరాన కటునాయకలో ఉంది, దిగి నేరుగా దంబుల్లా వైపు వెళ్లిపోవచ్చు. సిగిరియా దగ్గర రెండు రాత్రులు, కాండీలో రెండు, నువర ఎలియలో ఒకటి, చివరి రాత్రి విమానాశ్రయం పక్కనే ఉన్న నెగొంబోలో. మొత్తం ఆరు రాత్రులు.

సిగిరియా అయిదో శతాబ్దంలో కాశ్యప రాజు ఒక బండరాయి మీద కట్టుకున్న కోట. పైకి సుమారు 1,200 మెట్లు. మన అలిపిరి దారిలో 3,550 మెట్లు కాబట్టి పిల్లలకు ఇది లెక్కే కాదు. కానీ ఇక్కడ కొన్ని చోట్ల నిటారుగా ఇనుప మెట్లు, పక్కనే లోయ. మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ఆమెకూ టికెట్ కొన్నాను. సగం దాకా ఎక్కి, కళ్లు తిరుగుతున్నాయని దిగివచ్చి కింద తోటలో కూర్చుంది. విదేశీయులకు అక్కడ టికెట్ 30 డాలర్ల పైనే. మనలాంటి సార్క్ దేశాల వాళ్లకు పాస్‌పోర్టు చూపిస్తే తగ్గుతుంది, అయినా చిన్న మొత్తం కాదు. అమ్మగారు ఈమధ్య అలిపిరి మెట్లెక్కారా? ఎక్కలేకపోతే ఆరోజు ఉదయం ఆమెను గదిలో విశ్రాంతి తీసుకోనివ్వండి. సాయంత్రం అందరూ కలిసి దంబుల్లా గుహాలయాలకు వెళ్లండి. అక్కడా కొంత ఎక్కాలి, కానీ ఆగి ఆగి వెళ్లొచ్చు. అయిదు గుహల నిండా బుద్ధ విగ్రహాలు, కప్పంతా చిత్రాలు.

కాండీ విషయంలో మాత్రం ఖర్చు తగ్గించమని చెప్పను. అక్కడ రెండు రోజులు ఉండండి. చిత్తూరు వాళ్లకు ఆ ఊరితో ఒక బంధం ఉంది, మనలో చాలామందికి తెలియదు. కాండీని ఏలిన చివరి రాజవంశం మధురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహ. 1807లో ఆయనే కాండీ చెరువు తవ్వించాడు. 1815 మార్చి 2న బ్రిటిషువాళ్లు అక్కడి సామంతులతో ఒప్పందం రాయించుకుని రాజ్యం లాగేసుకున్నారు. రాజును సముద్రం దాటించి మీ పక్క ఊరు వేలూరు కోటలో బంధించారు. 1832లో ఆయన అక్కడే చనిపోయాడు. సమాధి పాలారు ఒడ్డున ముత్తు మండపంలో ఉంది. చిత్తూరు నుంచి వేలూరు బస్సులో గంట ప్రయాణం. కాబట్టి వెళ్లేముందు ఒక ఆదివారం పిల్లల్ని వేలూరు తీసుకెళ్లండి, బస్సు చార్జీలు తప్ప ఖర్చేమీ లేదు. ఆ సమాధి చూసి వెళ్లిన పిల్లలు కాండీలో బుద్ధుడి దంతం ఉన్న ఆలయం ముందు, ఆ చెరువు గట్టు మీద నిలబడినప్పుడు అది వాళ్లకు పరాయి దేశపు చరిత్రలా అనిపించదు.

నువర ఎలియకు కాండీ నుంచి నాను ఓయ స్టేషన్ దాకా టీ తోటల మధ్య రైలు ఉంది. 2025 నవంబరు తుపాను ఆ కొండ మార్గాన్ని బాగా దెబ్బతీసింది కాబట్టి, రైలు ఎంతవరకు నడుస్తోందో చూసుకున్నాకే టికెట్లు తీసుకోండి. నువర ఎలియ సుమారు 1,870 మీటర్ల ఎత్తులో ఉంది, అమ్మగారికి స్వెటర్ తప్పనిసరి. ఆమెకు నచ్చే సీతమ్మ గుడి ఆ ఊరి పక్కనే సీతా ఎలియలో ఉంది.

ఇక డబ్బు. నేను వేసిన అంచనా ఇది: విమాన టికెట్లకు మీ ఏజెంటు ఆ జాబితాలో చూపిన రూ.70,000 అలాగే ఉంచాను. రెండు గదులు, ఆరు రాత్రులు, గదికి రూ.6,000 చొప్పున రూ.72,000. డ్రైవర్‌తో వ్యాను రోజుకు రూ.7,000 చొప్పున రూ.49,000. ప్రవేశ రుసుములకు రూ.30,000. భోజనాలకు రూ.24,500. పాస్‌పోర్టులు, వీసా అనుమతి, బీమాకు రూ.15,000. చెన్నై రాకపోకలకు రూ.6,000. మొత్తం రూ.2,66,500.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, మీకు మిగిలే రూ.20,000లో సగం మార్చి నుంచి ఆరు నెలల ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. ఆగస్టు వాయిదా కట్టేసరికి రూ.60,000. సెప్టెంబరు పదివేలు కలిపి ఆ నెలాఖరులో విమాన టికెట్లు కొనేయండి. తర్వాతి మూడు నెలల్లో ఇంకో రూ.30,000, డిసెంబరులో చీటీ రూ.1,90,000. అంతా కలిపి రూ.2,90,000. అంచనా పోను రూ.23,500 చేతిలో ఉంటుంది. అది షాపింగ్‌కు కాదు, అత్యవసరానికి. మిగతా పదివేలు నెలనెలా బంగారం బాకీకి జమ చేయండి. జనవరికి అది పాతికవేల దగ్గరికి దిగుతుంది. కొన్ని గోల్డ్ లోన్లలో మధ్యలో అసలు కట్టించుకోవడానికి బ్యాంకు ఒప్పుకోవాలి, ముందే అడగండి.

'పన్నులు అదనం' అంటే ఏమిటో ఏజెంటును కాగితం మీద రాసివ్వమనండి. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కింద కొంత శాతం వసూలు చేస్తారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వెనక్కి తెచ్చుకోవచ్చు. విమాన టికెట్ ఒక్కటే విడిగా కొంటే అది టూర్ ప్యాకేజీ కిందికి రాదు. మీ ఆవిడగారి ఎల్‌టీసీ (ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ) విదేశీ ప్రయాణానికి పనికిరాదు, అది దేశం లోపలికే.

అక్కడ చెల్లింపులకు యూపీఐ 2024 ఫిబ్రవరి నుంచి పనిచేస్తోంది, అయినా అన్ని దుకాణాల్లో ఉండదు. కార్డు గీసినప్పుడు మెషిన్ 'భారత రూపాయల్లోనా, శ్రీలంక రూపాయల్లోనా' అని అడిగితే శ్రీలంక రూపాయలే నొక్కండి. మన రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లిష్టం. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అమ్మగారికి బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ రోజున ఆ కాగితానికి విలువ ఉండదు.

మీ ఆవిడగారు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి. దరఖాస్తు ఆలస్యం చేయవద్దు. పాస్‌పోర్టులకు తిరుపతి సేవా కేంద్రంలో స్లాట్ తీసుకోండి. మామూలు పద్ధతిలో పెద్దవాళ్లకు రూ.1,500, పిల్లలకు రూ.1,000, అంటే ఐదుగురికీ రూ.6,500 లోపే. తత్కాల్ అక్కర్లేనంత సమయం మీకుంది. అయితే అమ్మగారి ఆధార్‌లోనూ, మిగతా కాగితాల్లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పట్టొచ్చు. ఈ ప్లానులో మీ చేతిలో లేని గడువులు శాఖ అనుమతి, ఈ కాగితాలు.