పొలం అమ్మాలా వద్దా దగ్గర ఆగిపోయిన మీ కథ గురించి

కొడుకు చదువు కోసం నాన్న ఇచ్చిన పొలం అమ్మాలా వద్దా అని సుజాత తేల్చుకోలేకపోతోందనీ, అక్కడే ఇరవై రోజులుగా కథ ఆగిపోయిందనీ రాశారు. మీరు పెట్టిన రెండు పేజీలూ చదివానండీ. ఆమె ఆలోచిస్తూనే ఉంది, ఏ పనీ చేయడం లేదు. చిక్కు అక్కడే ఉంది.

ఆమెకో గడువు పెట్టండి. కథ తెలంగాణలోది కాబట్టి తేలికే. 2020 చివరి నుంచి అక్కడ సాగుభూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే, ముందుగా స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళాలి. గురువారం స్లాట్ అనుకోండి, బుధవారం రాత్రి సీను రాయండి. బియ్యం డబ్బాలో దాచిన పాసుపుస్తకం తీసింది, అంటిన తవుడు కొంగుతో తుడిచింది, మళ్ళీ అందులోనే పెట్టేసింది. ఇక 'ఆమె మనసు ఊగిసలాడింది' అని రాసే పనే లేదు.

అప్పటికీ కదలకపోతే అమ్మేసిన మర్నాడు ఏమైందో ముందు రాసేయండి. తర్వాత అమ్మకపోతే ఏమయ్యేదో రాయండి. ఏది రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదో మీకే తెలుస్తుంది. నేనిలా ఓసారి పదకొండు పేజీలు రాసి చింపేశాను, దండగనిపించలేదు.

అన్నట్టు, కొడుకు ఫోన్ చేసి ఫీజు మాట ఎత్తకుండా 'తిన్నావా అమ్మా' అంటాడే, ఆ వాక్యం మాత్రం తీసేయకండి.