పాత ఆంప్ కొనబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. ఇంకా ఎన్నాళ్లు గిటార్‌ని కంప్యూటర్ స్పీకర్లలో వినాలి, కొత్త ఆంప్ (గిటార్ సౌండ్‌ని పెంచే యాంప్లిఫైయర్) కొనేంత డబ్బు లేదు, పాతది కొంటే మోసపోతానేమో అని టెన్షన్‌గా ఉందని రాశావు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నేను ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను. ఇన్నేళ్లలో నేను కొన్న కొత్త ఆంప్‌లు రెండే. మిగతావన్నీ ఎవరో వాడి వద్దనుకున్నవి. నా మనసుకు బాగా దగ్గరైనవి కూడా వాటిలోనే ఉన్నాయి.

ఒక్క విషయం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆంప్‌కి వచ్చే జబ్బులు చాలావరకు చిన్నవి, కానీ వినడానికి పెద్దవిగా ఉంటాయి. నాబ్ తిప్పితే కరకరమంటుంది. ఉన్నట్టుండి సౌండ్ పోతుంది, మళ్లీ వస్తుంది. రివర్బ్, అంటే ప్రతిధ్వనిలా వినిపించే ఎఫెక్ట్, పలకదు. లోపల ఏదో కాలిపోయిందని అమ్మేవాళ్లూ అనుకుంటారు, చూడ్డానికి వచ్చినవాళ్లూ అనుకుంటారు. ఆ భయంతో ధర పడిపోతుంది. ఏ జబ్బు చిన్నదో ఏది పెద్దదో నీకు తెలిస్తే, ఆ పడిన ధర నీకు కలిసొస్తుంది.

నాకు జరిగిందే చెప్తాను. ఒకసారి 40 వాట్ల ట్యూబ్ ఆంప్, అంటే గాజు ట్యూబులతో నడిచేది, ఒకటి చాలా తక్కువకి వచ్చింది. కాసేపు వాయించగానే సౌండ్ సన్నగిల్లి, గట్టిగా కొడితే మళ్లీ వచ్చేది. అమ్మే ఆయన రెండుచోట్ల చూపించి విసిగిపోయాడు. నా సంచిలో జానెడు కేబుల్ ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ అని పెడళ్లు తగిలించుకునే రెండు జాక్‌లుంటాయి, సౌండ్ బయటికెళ్లే సెండ్, తిరిగొచ్చే రిటర్న్. దాన్ని సెండ్ నుంచి రిటర్న్‌కి పెట్టాను. సౌండ్ నిండుగా వచ్చింది, మళ్లీ పోలేదు. కారణం చాలా చిన్నది. ఆ లూప్‌లో ఏమీ పెట్టనప్పుడు సౌండ్ రిటర్న్ జాక్‌లో ఉండే చిన్న రేకు మీదుగా వెళ్తుంది. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ రేకుకి మురికి పట్టి కాంటాక్ట్ సరిగా తగలదు. ఇంటికి తెచ్చి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, జాక్‌లో ప్లగ్గుని ఇరవైసార్లు పెట్టి తీశాను, అంతే. పదకొండేళ్లు వాయించాను ఆ ఆంప్‌ని. నువ్వు కూడా ఒక చిన్న కేబుల్ ముక్క వెంట తీసుకెళ్లు.

నాబ్ కరకరమనడం దాదాపు ఎప్పుడూ దుమ్మే. కానీ క్లీన్ చేశాక కూడా ఒకే నాబ్ మొరాయిస్తుంటే, ఏదో కెపాసిటర్ లీకై ఆ నాబ్ మీదకి డీసీ వస్తోందని అనుమానించాలి. అదీ మార్చుకోగలిగినదే. రివర్బ్ పలకకపోతే, అడుగున స్ప్రింగులుండే పొడుగు పెట్టెకి వెళ్లే రెండు వైర్లు ఊడాయేమో చూడు. పెట్టే పాడైందనుకున్నా అది విడిగా దొరుకుతుంది. ప్రీఆంప్‌లో, అంటే సిగ్నల్‌ని మొదట పెంచే భాగంలో, ఉండే చిన్న ట్యూబు, ఎక్కువగా 12ఏఎక్స్7, పాడైతే దాన్ని తీసి ఇంకోటి పెట్టడమే. స్పీకర్ కోన్‌లో చిన్న చిరుగు ఉంటే పల్చని కాగితం, జిగురుతో అతికించొచ్చు. తోలు చిరిగినా, మూలల రేకులు పోయినా, హ్యాండిల్ తెగినా సౌండ్‌కి ఏమీ కాదు. వాటిని చూపించి ధర తగ్గించమని అడుగు.

పెద్ద జబ్బులు నాలుగే. ట్యూబ్ ఆంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవడం, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోవడం, డిజిటల్ ఆంప్‌లో మెయిన్ బోర్డు పోవడం, నీళ్లలో తడిసి లోపలంతా తుప్పు పట్టడం. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా, ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో నేను దెబ్బ తిన్నాను. ఒక హెడ్ (స్పీకర్ లేని విడి ఆంప్) చూడ్డానికి వెళ్లి, రాత్రివేళ కదా అని పక్కింటివాళ్ల కోసం సన్నగా ఐదు నిమిషాలు వాయించి కొనేశాను. మర్నాడు వాల్యూమ్ సగానికి తిప్పగానే సౌండ్ మూలిగినట్టు అయి పడిపోయింది. ఎవరో స్పీకర్ తగిలించకుండా దాన్ని గట్టిగా వాడారు. ట్యూబ్ ఆంప్‌కి స్పీకర్ లేకుండా సిగ్నల్ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల్లో వోల్టేజ్ ఎగిరి ఇన్సులేషన్ కాలిపోతుంది. రిపేరుకైన డబ్బుకి ఇంకో ఆంప్ వచ్చేది. అందుకే పగటిపూట వెళ్లు. గట్టిగా వాయించి చూసుకోవాలని ముందే చెప్పు. దానికి ఒప్పుకోకపోతే వెళ్లనే వద్దు.

ఇక ఏ రకం కొనాలి? ఇంట్లో ప్రాక్టీసుకి, అప్పుడప్పుడు స్నేహితులతో వాయించడానికి అన్నావు. వాట్లు చూసి మోసపోకు. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అంటే 50 వాట్లకీ 100 వాట్లకీ ఉన్న తేడా నువ్వు అనుకున్నంత ఉండదు, మోసే బరువులో మాత్రం బాగా తెలుస్తుంది. స్పీకర్ సంగతి ఎవరూ అడగరు కానీ అసలు తేడా అక్కడే ఉంది. ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే డెసిబెల్ నంబర్ ప్రతి స్పీకర్‌కీ ఉంటుంది. 97 డెసిబెల్స్ స్పీకర్ తీసి 100 డెసిబెల్స్ స్పీకర్ పెడితే, ఆంప్ వాట్లని రెండింతలు చేసినట్టే. ఎవరైనా మంచి స్పీకర్ మార్చుకున్న ఆంప్ అమ్ముతుంటే, చాలామంది ఒరిజినల్ కాదని వెనక్కి తగ్గుతారు. నువ్వు ముందుకెళ్లు.

ట్యూబ్ లేకపోతే ఆంపే కాదనే మాట నీ చెవిన పడే ఉంటుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను, ఇప్పుడు అనుకోను. రోలాండ్ జేసీ-120 వచ్చింది 1975లో. అందులో ఒక్క ట్యూబ్ లేదు, అయినా క్లీన్ సౌండ్ అంటే ఇప్పటికీ దాన్నే చెప్తారు. కాకపోతే దాదాపు 28 కిలోలు, మేడ మీద గదికి పనికిరాదు. 1980లలో మొదలైన పీవీ బ్యాండిట్ లాంటి ట్రాన్సిస్టర్ ఆంప్‌లు మొండివి, దెబ్బలు తిన్నా పనిచేస్తాయి, ఫ్యాషన్ కాదు కాబట్టి ధర తక్కువ. 1990లలో వచ్చిన మార్షల్ వాల్వ్‌స్టేట్ 8080 లాంటివాటిలో ముందు భాగంలో ఒక ట్యూబు, వెనక ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అవీ అంతే, ఎవరూ వెంటపడరు. నీ డబ్బుకి ఎక్కువ విలువ ఈ మధ్యతరగతి ఆంప్‌లలోనే దొరుకుతుందని నా నమ్మకం.

వేరే ఆంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే మోడలింగ్ ఆంప్‌లది వేరే లెక్క. 2016లో వచ్చిన బాస్ కటానా లాంటిదానికి కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ పాతది అమ్మేసేవాళ్లు వరస కడతారు. నీకు అదే అదను. ఇంట్లో వాయించడానికి పవర్‌ని అర వాట్‌కి తగ్గించే స్విచ్ కూడా దాంట్లో ఉంటుంది. కానీ ఇలాంటివాటిలో బోర్డు పోతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. కాబట్టి మరీ పాతవి వద్దు, నాలుగైదేళ్లలోపు వాడినవి చూడు. ప్రతి బటన్, ప్రతి నాబ్, ప్రతి సాకెట్ పనిచేయాలి. యాప్‌తో నడిచేదైతే ఆ యాప్ నీ ఫోన్‌లో ఇంకా పనిచేస్తుందో లేదో ముందే చూసుకో.

ట్యూబే కావాలని మనసు పడితే 15 వాట్లు దాటకు. ఫెండర్ బ్లూస్ జూనియర్ 15 వాట్లే, చిన్న వేదికకి కూడా సరిపోతుంది. అదే కంపెనీ హాట్ రాడ్ డీలక్స్ 40 వాట్లు, 1996 నుంచి లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి కాబట్టి పాతవి ఎప్పుడూ దొరుకుతాయి. కానీ సౌండ్ ఎక్కువ కాబట్టి ఇంట్లో దాని వాల్యూమ్ నాబ్‌ని రెండు దాటించలేవు. దాంట్లో రెండు 5 వాట్ల రెసిస్టర్లు బాగా వేడెక్కి కింద సోల్డర్ పగులుతుంది. ఆ సంగతి తెలిసిన మెకానిక్‌కి అది చిన్న పనే.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఇలా చెయ్యి. నీ గిటార్, నీ కేబుల్ తీసుకెళ్లు. తెలియని గిటార్‌తో తెలియని ఆంప్ వింటే ఏది దేని సౌండో తేలదు. వెళ్లగానే ఆంప్ పైన చెయ్యి పెట్టు. ముందే వేడిగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు చేసే చప్పుడేదో దాస్తున్నారేమో ఆలోచించు, కాసేపు ఆపి చల్లారనిచ్చి మళ్లీ వెయ్యమను. ఆన్ చేసే ముందే వెనక్కి తిప్పి చూడు. స్పీకర్ వైరు తగిలించి ఉందా, హెడ్‌కీ క్యాబినెట్‌కీ (స్పీకర్ పెట్టెకీ) మధ్య ఉన్నది స్పీకర్ కేబులేనా లేక గిటార్ కేబులా, ఓమ్స్ నంబర్లు రెండువైపులా సరిపోతున్నాయా, పవర్ కార్డుకి మూడు పిన్నులున్నాయా. పక్కనే ఉన్న ఫలకం మీద వోల్టేజ్ తప్పకుండా చదువు. జపాన్ కోసం చేసినవి 100 వోల్టులకి, అమెరికా కోసం చేసినవి 120కి ఉంటాయి. వాటిని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే క్షణంలో పోతాయి. వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, బరువు లెక్కేసుకునే ధర మాట్లాడు.

ఫ్యూజ్ కూడా తీయించి చూడు, ప్లగ్ పీకించాకే సుమా. రాసి ఉన్నదానికన్నా పెద్ద ఫ్యూజో, రేకు చుట్టిన ఫ్యూజో కనిపిస్తే లోపల జబ్బుని కప్పిపెట్టారన్నమాట. మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఆన్ చేశాక గిటార్ పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి విను. సన్నటి శబ్దం మామూలే. గుయ్‌మని బరువైన హమ్ వస్తుంటే, అది వాల్యూమ్ తిప్పినా మారకపోతే, లోపలి పెద్ద కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. ఇరవై ఏళ్లు దాటిన ఆంప్‌లో అది సహజమే, మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమను. తర్వాత గిటార్ పెట్టి అన్నిటికన్నా లావు తీగ (E) ఒక్కటే మీటి చివరిదాకా మోగనివ్వు. ఆ చివర్లో గరగర వినిపిస్తే స్పీకర్ కాయిల్ రాసుకుంటోందో, ఎక్కడో స్క్రూ వదులైందో. చేత్తో క్యాబినెట్‌ని అక్కడక్కడా నొక్కి పట్టుకుంటే ఏదన్నది తెలిసిపోతుంది. ప్రతి ఛానెల్, ప్రతి స్విచ్ వేసి చూడు. కాలితో నొక్కే ఫుట్‌స్విచ్ ఇస్తారా అని అడుగు, అది విడిగా కొనాలంటే ఖర్చు.

ఆ తర్వాత కనీసం అరగంట వాయించు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పగిలిన సోల్డర్, అలిసిపోయిన ట్యూబు వేడెక్కాకే బయటపడతాయి. ఆ అరగంటలో పది నిమిషాలు గట్టిగా వాయించు. ట్యూబ్ ఆంపైతే లైట్లు తగ్గించమని వెనకనుంచి పవర్ ట్యూబుల్ని చూడు. లోపలి ఫిలమెంటు నారింజ రంగులో వెలుగుతుంది, గాజు మీద నీలం వెలుగు కనిపించినా కంగారు పడకు, అది మంచిదే. లోపలి బూడిదరంగు రేకు ఎర్రగా కాలుతుంటే మాత్రం వెంటనే ఆపమను. పెన్సిల్ వెనకభాగంతో చిన్న ట్యూబుల్ని మెల్లగా తట్టు. స్పీకర్లోంచి గంట మోగినట్టు వస్తే ఆ ట్యూబు మార్చాలి.

ఒక్కటి మాత్రం నాకు మాటివ్వు. ట్యూబ్ ఆంప్‌ని నువ్వు విప్పకూడదు. లోపల 400 వోల్టుల పైనే ఉంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. తెలిసినవాళ్లే దాన్ని ముట్టుకోవాలి.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు పేరుని తప్పు స్పెల్లింగులతో కూడా కొట్టి చూడు, వట్టి స్పీకర్ బాక్స్ అని కూడా వెతుకు. గిటార్ వాయించనివాళ్లు ఇంట్లో పడున్నదాన్ని అలాగే అమ్మకానికి పెడతారు, అక్కడ పోటీ ఉండదు. బేరంలో గొంతు పెంచకు. విన్నది విన్నట్టు చెప్పి, దాన్ని బాగుచేయించే ఖర్చు తగ్గించమను. ఎవరి దగ్గర కొన్నారు, ఎందుకు అమ్ముతున్నారు, సీరియల్ నంబర్ చెరిపేసి ఉందా అన్నది కూడా చూసుకో. దొంగ సొత్తు మనకొద్దు.

రెండు మూడు నచ్చినవి తేలాక వాటి ముందు భాగం ఫోటోలు నాకు పంపకు, వెనక వైపువి పంపు. జాక్‌లు, ఫలకం, స్పీకర్ కనిపించేలా తీయి. వీలైతే వెళ్లే రోజు ఆదివారం పెట్టుకో, ఫోన్ ఆన్‌లో ఉంచి ఆ లావు తీగ మీటు, ఇక్కడినుంచి నేనూ వింటాను.

నీ మామయ్య